నీళ్లకు పోని రంగు

కొనకనమిట్ల దగ్గర గొర్రెలు మేపుకునే వెంకటసుబ్బయ్య కూతురు గోపిక, మార్కాపురం నెట్ సెంటర్లో కుదురుగా కూర్చోలేకపోతోంది. బీఎస్సీ అయి రెండేళ్లు. పెట్టని అప్లికేషన్ లేదు. ఈసారిది చేపల రోగనిరోధక శక్తి మీద మూడు నెలల ట్రైనింగ్. అయిదింటికి గడువు, నాలుగున్నర దాటింది. చివరి ప్రశ్న దగ్గర ఆగిపోయింది: ‘టీకా వేసిన చేపలను, వేయని వాటిని ఎలా గుర్తుపడతారు?’ ల్యాబు సీసాలో, కూరలో తప్ప ఆమె చేపను చూసింది లేదు. గోళ్లు కొరుక్కుంటూ గుమ్మందాకా పోయి, మళ్లీ వచ్చి కూర్చుంది.

ఫోన్ మోగింది. నాయన.

“అమ్మా, డాక్టరు వచ్చి సగం గొర్రెలకు సూదులేసినాడు. నువ్వు లేవు కదా, రంగు పూయడం మరిచిపోయినాం. అన్నీ కలిసిపోయినాయి. దేనికి వేసినారో తెలీడం లేదు.”

గోపికకు ఒళ్లు మండింది. పదేళ్లప్పటి నుంచీ ఆ పని ఆమెదే.

“ఏంది నాయనా, ఇన్నేళ్లు నేను చేసింది చూళ్లేదా? సూది వేసిందానికి వేసినట్టు రంగు పెట్టి కదా మందలోకి వదలాల!”

షాపులో అందరూ తలెత్తి ఆమెను చూసినారు. ఆమె మాత్రం స్క్రీన్ వైపు చూసింది.

“ఉండు, మళ్లీ చేస్తా” అని ఫోన్ పెట్టేసింది. ఇప్పుడే తను అరిచిన మాటను టైపు చేసింది. మందకు బదులు చెరువు అని రాసి, రంగు ముందు ‘నీళ్లకు పోని’ అని చేర్చింది.