పూనకం పరీక్ష

సంతోష్‌నగర్‌లో బస్సెక్కినప్పటి నుంచి నేను ఫోన్లో స్నేహితుడితో పోట్లాడుతూనే ఉన్నాను. కాలేజీ రోజుల నుంచి నేను ప్రాణం పెట్టే పాత ఇంగ్లిషు రాక్ బ్యాండు ఒకటుంది. దానికి వచ్చినంత పేరు రావాల్సింది కాదని, అసలు దానికంత సీన్ లేదని వాడన్నాడు. నేను ఊరుకుంటానా?

ఫోన్ పెట్టేయగానే పక్కసీట్లో పెద్దావిడ నా వైపు తిరిగింది. పసుపు రాసిన ముఖం, రూపాయి బిళ్ళంత బొట్టు.

"ఏంది బిడ్డా గా లొల్లి? నాకు వినిపియ్యి, నేను చెప్త. బోనాలప్పుడు డప్పులోల్లు మంచిగ కొడితేనే నాకు పూనకమొస్తది. లేకుంటే రాదు."

ఇంతకన్నా నిక్కచ్చి అయిన జడ్జి నాకెక్కడ దొరుకుతారు? డ్రమ్ములు హోరెత్తిపోయే పాట చూసి పెట్టి, ఇయర్‌ఫోన్లు ఆవిడకిచ్చాను.

కాసేపటికి ఆవిడ కళ్ళు మూతపడ్డాయి. తల మెల్లగా ఊగడం మొదలైంది. నా ఛాతీ ఉప్పొంగింది. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూసి, గబుక్కున చెప్పులు విడిచి చేతులు జోడించాడు.

"అమ్మా, మా పిల్లగానికి నౌకరి ఎప్పుడొస్తదో చెప్పు తల్లీ!"

ఆవిడ ఉలిక్కిపడి లేచింది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇయర్‌ఫోన్లు నా చేతిలో పెట్టింది.

"మస్తు నిద్ర పట్టింది బిడ్డా. మా ఇంట్ల ఫ్యాన్ గూడ గిట్లనే మోగుతది."

ఛత్రినాకలో దిగిపోయింది.

ఆ బ్యాండు గొప్పదని ఇప్పటికీ వాదిస్తాను. నిద్ర పట్టనప్పుడు ఏం పెట్టుకుని వింటానో మాత్రం ఎవరికీ చెప్పను.