పాముకు వదిలే దారి

ఇంటి నుంచే పని చేసుకోవచ్చని ఆఫీసువాళ్లు చెప్పాక మొవ్వ దగ్గర మా ఊరికి వచ్చేశాను. రోజూ పొద్దున కాలవ గట్టు మీద నడక. చదివింది మెకానికల్ ఇంజినీరింగు. ఏది చూసినా రకాలుగా విడగొట్టుకోవడం అలవాటు. గట్టు మీద చూసిన చావుల్ని కూడా అలాగే విడగొట్టాను. బాది చంపేవి: లకుముకి పిట్ట చేపను నోట కరుచుకుని కరెంటు తీగకు ఆ పక్కా ఈ పక్కా కొడుతుంది. బతికుండగానే మింగేవి: కొంగ, నీరుకట్టు పాము. పాము కప్పను వెనక కాళ్ల వైపు నుంచి పడుతుంది. అందుకే సగం లోపలికి పోయాక కూడా కప్ప అరుస్తూనే ఉంటుంది. చంపే పని పెట్టుకోకుండా తినేవి: చీమలు. మొదట్లో ఇంటికెళ్లాక టిఫిన్ సయించేది కాదు. తర్వాత అలవాటైపోయిందనుకున్నాను.

గట్టు పక్క పొలం కౌలుకు చేసే ఆయన్ని బావా అంటాను. చుట్టరికం ఏమీ లేదు. ఆయన భార్యను అక్కా అనడంతో ఆయన బావ అయ్యాడు. నన్ను చూస్తే ఆయనకు వేళాకోళం.

"ఏం ఇంజినీరు బావా, పిట్టలకి హాజరు వేశావా? ఎవరన్నా ఆబ్సెంటా?"

ఆ ఏడు ఆయన చేలో ఒక బావురుపిల్లి చేరింది. ఊరపిల్లి కంటే పొడుగు కాళ్లు, పొట్టి తోక, ఇసక రంగు. సాయంత్రాలు గట్టెక్కి కూర్చునేది. దాని పుణ్యమా అని చేలో ఎలకలు తగ్గాయి, ఎలకబుట్టలు పెట్టేవాళ్లను పిలవాల్సిన పని పడలేదు. "మా వాచ్‌మన్" అనేవాడు బావ. వరి ఈనే రోజుల్లో దాని పొట్ట దిగిందని అక్క కనిపెట్టింది. కోతలప్పటికి పొట్ట లేదు. పిల్లలు చేలోనే ఎక్కడో ఉన్నాయని ఇద్దరికీ తెలుసు. కోత అయ్యేలోగా అది వాటిని బయటికి తెచ్చుకుంటుందా లేదా అన్నదే అక్క బెంగ. బావ పైకి అనేవాడు కాదు గానీ రోజూ గట్టు మీద నిలబడి చూసేవాడు.

ఇంతలో వాయుగుండం బందరు దగ్గర తీరం దాటుతుందన్నారు. ఇక ఆగడానికి లేదు. కోత మిషను మధ్యాహ్నం దొరికింది. డ్రైవరు చేను చుట్టూ తిప్పి కోసేస్తానన్నాడు. బావ ఒప్పుకోలేదు.

"రోడ్డు వైపు మొదలుపెట్టి కాలవ వైపు ముగించు. చుట్టూ తిప్పితే మధ్యలో ఉన్నవన్నీ ఎటు పోతాయి? కొడవలి రోజుల నుంచీ మాది ఇదే పద్ధతి. పాముకు దారి వదలాలి."

"మలుపులకే సగం టైము పోద్దండీ. పైగా మినుము తొక్కుడైపోద్ది."

"నా మినుము సంగతి నాకు వదిలెయ్యి."

వరి కోతకు ముందే ఆ చేలో మినుములు చల్లేసి ఉన్నారు. దుబ్బుల మధ్య అప్పటికే మొలక వచ్చింది. మిషను తిరిగిన ప్రతిచోటా అది నలుగుతుంది. తెలిసీ ఆయన అలా చెప్పడం నాకు చాలా నచ్చింది. గట్టెక్కి నిలబడ్డాను.

దారి వదిలితే ఏమవుతుందో నేను ఊహించనే లేదు. మిషను దగ్గరయ్యేకొద్దీ చేను కాలవ వైపు ఒలికిపోయింది. ఎలకలు, కప్పలు, రెక్క విదల్చలేని నీటికోడి పిల్లలు. కొంగలు గట్టు మీద అప్పటికే బారులు తీరి ఉన్నాయి. వాటికీ ఈ పద్ధతి తెలుసు. ఒక్కొక్క దాన్నీ ముక్కుతో అందుకుని, తల పైకెత్తి దించుకుంటున్నాయి. వాటి మెడలో కిందికి జారే ఉబ్బు నాకు కనబడుతూనే ఉంది.

అప్పుడు బావురుపిల్లి బయటికొచ్చింది. నోట్లో పిల్ల. కొంగల్ని లెక్కచెయ్యకుండా గట్టెక్కి, నాకు దగ్గర్లోనే ఉన్న తూటికాడ పొదలో దాన్ని వదిలి మళ్లీ చేలోకి పరిగెత్తింది. బావ తువ్వాలు ఊపి మిషను ఆపించాడు. దివిసీమ వైపు ఆకాశం నల్లబడిపోయింది, ఒకటీ అరా చినుకు పడుతోంది.

"వర్షమండీ," అన్నాడు డ్రైవరు.

"కనబడుతోంది. ఉండు."

పొదలో చప్పుడైంది. జెర్రిపోతు, మణికట్టంత లావుది. అదీ ఆ దారినే వచ్చి ఆ పొదలోనే చేరినట్టుంది. నేను చూసేసరికే పిల్ల తల దాని నోట్లో ఉంది. వెనక కాళ్లు గాల్లో ఈత కొడుతున్నట్టు ఆడుతున్నాయి. బావకు చెయ్యి ఊపాను.

తల్లి రెండోదాన్ని కరుచుకుని వచ్చింది. పొద ముందు ఆగింది, చూసింది. మీద పడుతుందనుకున్నాను, పాముల్ని చంపగల జంతువే అది. పడలేదు. నోట్లో ఉన్నదాన్ని దించనైనా దించకుండా పక్కకు తిరిగి, గట్టెంబడి మామూలు నడకతో వెళ్లిపోయింది. బావ కర్ర పట్టుకుని వచ్చేసరికి పాము కాలవలోకి జారిపోయింది.

మిషను కదలబోతే బావ మళ్లీ ఆపాడు. మిగిలిన చేలోకి తనే దిగి, మొలకల్ని తొక్కుకుంటూ వెతికాడు. నేనూ దిగాను. దుబ్బుల మధ్య అణిగిన గుంటలో మూడో పిల్ల కనబడింది. ఇంకా కళ్లు తెరవలేదు. ఎత్తుకోబోతే బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ముట్టుకోకు. మనిషి వాసన తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదు."

దాని చుట్టూ మంచమంత వరి కొయ్యకుండా వదిలేశారు. బావ నాలుగు కర్రలు పాతి పైన యూరియా సంచి కట్టాడు. మిగతా కోత పూర్తయ్యేసరికి వాన అందుకుంది. ధాన్యం పట్టాల కింద చేర్చాం. పిల్లను ఇంటికి తేలేదని అక్క ఆయన్ని బాగా తిట్టింది.

తెల్లారేసరికి వాన వెలిసింది. అక్క చిన్న గిన్నెలో పాలు, దూది వత్తి సిద్ధం చేసి, ఈసారి తీసుకురమ్మని మా ఇద్దర్నీ పంపింది. యూరియా సంచి చెక్కుచెదరలేదు. దాని కింద పిల్లలో సగమే ఉంది.

నాకు వచ్చిన పని అదొక్కటే కాబట్టి బురదలో అడుగులు చూడటం మొదలుపెట్టాను. గద్ద కాదు, పైన సంచి ఉంది. కాకి అయితే మూడు వేళ్ల గుర్తు పడుతుంది, అది లేదు. కుక్క, నక్క, ముంగిస, వీటి అడుగుకి గోళ్లు కూడా దిగుతాయి. ఈ అడుగులకు గోళ్లు లేవు. గుండ్రంగా, మెత్తగా, గట్టు మీద నుంచి తిన్నగా గుంట దగ్గరికి వచ్చి, మళ్లీ గట్టెక్కి, నిన్న అది రెండో పిల్లతో వెళ్లిన వైపే వెళ్లాయి. మిగిలింది ఒక్కటే పేరు.

"తల్లే," అన్నాడు బావ. "చలికి చచ్చిపోయుంటుంది. దానికీ ఆకలే కదా, పాలివ్వాలి."

ఆయన సంచి విప్పి మడత పెట్టుకున్నాడు.

"మీ అక్కకు చెప్పకు బావా. రాత్రంతా కన్ను మూయలేదు."

అక్క గుమ్మంలోనే ఉంది. నా ఖాళీ చేతులు చూసింది.

"తల్లి వచ్చి తీసుకుపోయిందక్కా," అన్నాను.

"హమ్మయ్య," అంది బావతో. "తల్లి ఊరికే వదిలేస్తుందా." ముఖం తేటపడింది. లోపలికెళ్లి ఆ గిన్నెలో పాలతోనే కాఫీ కలిపి తెచ్చింది. బావ నా వైపు చూడకుండా తాగాడు. నేనూ తాగాను. నా కాళ్ల బురద చూసి, తుడుచుకోమని పొడి తువ్వాలు తెచ్చి ఇచ్చింది.