టిఫిన్ మూతలో సముద్రం

ఆ ఏడు సబ్బవరంలో వానల్లేక మా వరి నారుమడి ఎండిపోయింది. ఉన్న కాస్త భూమీ లేఅవుట్ వాళ్ళకి ఇచ్చేద్దామని మా ఆయన పట్టుబట్టాడు. నాకూ ఓపిక అయిపోయింది. అదే దిగులుతో మద్దిలపాలెంలో బస్సెక్కాను. పక్కన ఓ అమ్మాయి కూర్చుంది. సముద్రం మీద పరిశోధనలు చేసే ఓడ దిగి ఇంటికి వెళ్తోందట.

"వానలు పంపకుండా ఆ సముద్రం మా మీద పగబట్టిందేటమ్మా?" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వలేదు. టిఫిన్ బాక్సు మూతలో కాసిన్ని నీళ్ళు పోసి, ట్రాఫిక్‌లో బస్సు ఆగినప్పుడు ఒక పక్క నుంచి ఊదింది. నీళ్ళు అవతలి అంచుకి చేరాయి.

"పసిఫిక్‌లో గాలి వేడి నీళ్ళని ఇలాగే మన ఆసియా వైపు తోస్తాది పిన్నీ. ఆ వేడికి మబ్బులు లేస్తాయి, అవి గాలిని ఇంకా లాగుతాయి."

ఊదడం ఆపింది. నీళ్ళు వెనక్కి జారాయి.

"ఈ ఏడు గాలి నీరసించింది. వేడి నీళ్ళతో పాటు మబ్బులూ అటు అమెరికా వైపు పోయాయి. అందుకే మనకి వానలు తగ్గాయి."

"మరింక రావా?"

"వస్తాయి. ఏ నెలన్నది నాను సెప్పలేను గానీ, ఇలాగే ఉండిపోదు. గాలి మళ్ళీ పుంజుకుంటాది."

ఇంటికెళ్ళి బస్సులో విన్నదంతా చెప్పి, "ఇంకొక్క ఏడు సూద్దాం" అన్నాను. మా ఆయన సరేనని, లేఅవుట్ వాళ్ళకి ఇప్పుడే ఇవ్వమని ఫోన్ చేసి చెప్పేశాడు.

మరుసటేడు వాన బాగా పట్టుకుంది. పిక్కల లోతు బురదలో నాట్లు వేస్తుంటే, మా ఆయన నారుకట్ట అందిస్తూ, "ఏటే, నీలో నువ్వే నవ్వుతన్నావ్?" అన్నాడు.

"ఆ పిల్ల పేరైనా అడగలేదు" అన్నాను.