కాన్పు గది తలుపు మీద 'నో గాసిప్'

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, నాట్ల కాలంలో, బాన్సువాడలోని ఒక చిన్న ప్రసూతి దవాఖానలో స్టాఫ్ నర్సుగా చేరాను. కాన్పు గది నా బాధ్యత. నా అనుభవాలు రాసుకోవడానికి వచ్చావు కదా, అది ముందు రాసుకో బిడ్డా. డాక్టరమ్మ వయసులో చిన్నది, చేయి మంచిది. లోపల గోల ఉంటే ఆమెకు పడదు. తలుపు మీద 'నో గాసిప్' అని కాగితం అంటించింది. వెంట వచ్చిన ఆడవాళ్లంతా వరండాలోనే ఉండాలి.

జుక్కల్ వైపు నుంచి సునీత అనే అమ్మాయి తొలి కాన్పుకు వచ్చింది. తల్లి లేదు. భర్త, పక్కింటి షాహెదాబీ తోడొచ్చారు. మధ్యాహ్నానికి గర్భసంచి నోరు పూర్తిగా తెరుచుకుంది. మేము 'ఫుల్' అంటాం. ఇక నొప్పి వచ్చినప్పుడల్లా తల్లి ముక్కాలి. సునీత భయంతో ఊపిరి బిగపట్టి కాళ్లు దగ్గరకు లాక్కుంది. బిడ్డ దిగడం లేదు. బిడ్డ గుండె చప్పుడు బాగానే ఉంది కాబట్టి ఇంకాసేపు చూద్దామని, కాకపోతే ఆపరేషనేనని డాక్టరమ్మ అంది. షాహెదాబీని పిలవనా అని అడిగాను. డాక్టరమ్మ తలుపు వైపు ఒకసారి చూసి సరే అంది.

షాహెదాబీ వచ్చి సునీత చేయి పట్టుకుంది. కాన్పు సంగతే ఎత్తలేదు.

"ఏంది పిల్లా, గట్ల బిగవట్టినవ్? మీ ఆయన నీ చెప్పులు చేతుల పట్టుకొని తిరుగుతుండు. ఎవడన్న ఎత్తుకపోతడని ఫికరట."

సునీతకు నవ్వొచ్చింది. బిగపట్టిన ఊపిరి వదిలింది. "గవి కొత్తయి చాచీ," అంది.

"మరి ఏస్కోని ఇంటికి పోవద్దా? ఇగ ముక్కు."

నొప్పికీ నొప్పికీ మధ్య ఊళ్లో సంగతులన్నీ అయ్యాయి. ఆపరేషన్ అక్కర్లేకుండానే ఆడపిల్ల పుట్టింది.

ఆ సాయంత్రం చాయ్ తాగుతూ డాక్టరమ్మ ఫోన్‌లో గాసిప్ అనే మాట వెతికింది. దేవుడు, చుట్టం అనే రెండు పాత ఇంగ్లీషు మాటలు కలిసి పుట్టిందట. మా చర్చిలో బాప్తిస్మం నాడు బిడ్డను ఎత్తుకునే జ్ఞానతల్లి లాంటి వాళ్లను మొదట్లో అలా పిలిచేవారట. తర్వాత కాన్పు వేళ తోడు కూర్చునే ఆడవాళ్లకు ఆ పేరు వచ్చింది. పోను పోను వాళ్ల కబుర్లకే అంటుకుని ఉత్త ముచ్చట్లనే అర్థం మిగిలింది.

"సిస్టర్, మనం వరండాలోకి పంపినవాళ్ల పేరే అది," అని ఆమే లేచి వెళ్లి కాగితం పీకేసింది.

ఆ తర్వాత డ్యూటీ అప్పగించేటప్పుడు బీపీ, బిడ్డ గుండె చప్పుడుతో పాటు, లోపల తల్లి పక్కన మాట్లాడేవాళ్లు ఎవరున్నారో కూడా చెప్పేదాన్ని.