చెట్టుకు చెప్పుకోపో

పులివెందులలో ఆఫీసు పని ముగించుకుని రోజూ సాయంత్రం జమ్మలమడుగులో బస్సు దిగేసరికి నా తల పెనంలా కాలిపోతూ ఉండేది. బస్టాండు ముందు టీ అమ్మే అక్క దగ్గర కూర్చుని మా ఆఫీసరును తిట్టడం మొదలుపెట్టేవాణ్ణి. ఆమె గ్లాసు నా చేతికిచ్చి, పక్కనున్న కానుగ చెట్టు వైపు గడ్డం ఎగరేసేది.

"నాకొద్దులేప్పా, పోయి చెట్టుకు చెప్పుకోపో."

మొదటిసారి ఒళ్లు మండింది. ఆ మంటతోనే చెట్టు దగ్గరికి పోతే, ప్రొద్దుటూరు బట్టల వ్యాపారి ఒకాయన చెట్టు మొదలుకు చెయ్యానించి వాళ్ల అత్తను తిడుతున్నాడు.

"నాదింకా అయిపోలేదప్పా, రోంత నిలబడు" అన్నాడు.

నిలబడ్డాను! నీడ చల్లగా తగిలింది, పూలు నెత్తిన రాలాయి. నా వంతు వచ్చేసరికి ఆఫీసరు మొహం తలచుకుంటేనే నవ్వొచ్చింది. ఆ వ్యాపారీ నేనూ పొట్ట పట్టుకుని నవ్వాం.

తర్వాత రోజూ ఆ చెట్టే నాకు దిక్కు. అయినా ముందు అక్కకు చెప్పందే అటు కదిలేవాణ్ణి కాదు.

ఒకరోజు అంగట్లో అక్క లేదు. చూస్తే చెట్టును కౌగిలించుకుని ఏదో గొణుగుతోంది. గబగబా దగ్గరికి పోయాను.

"ఏందక్కా, ఏమైంది?"

ఆమె తిరిగి చూడనైనా లేదు.

"రోజూ నా తల తింటాండావని నీ మీదనే చెప్తాండా. ఎనక నిలబడు!"