మా వదిన స్పానిష్‌లో అడిగిన మాట

ఈ సంగతి ఎవరితోనైనా చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది. నిన్నటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు.

మా ఆడపడుచు ఎవరినీ ఏదీ అడగదు. అడగడమన్నది ఆమె ఒంట్లోనే లేదు. మావారికి అక్క, నాకు వదిన, పెళ్లి చేసుకోకుండా మాతోనే ఉంటోంది. మేమిద్దరం పనిచేసే కుట్టు కార్ఖానాలో ఆమె కటింగ్ మాస్టర్, నేను కాజాలు కుడతాను. అక్కడ అందరూ ఆమెను వెనకాల ‘కత్తెర’ అంటారు. ఎదురుగా అనే మొనగాడు ఇంకా పుట్టలేదు. మెషీన్ల రొదలో ఎంత అరిచినా వినపడదు కాబట్టి వదిన ఒక పద్ధతి పెట్టింది. కటింగ్ బల్ల దగ్గర ఆమె చెయ్యి లేచిందంటే హాలంతా పెడళ్ల మీంచి కాళ్లు తీసెయ్యాలి. కొలత మారినా, రంగు మారినా ఆ నిశ్శబ్దంలోనే చెబుతుంది. చెయ్యి దించగానే మళ్లీ రొద మొదలు.

ఏడాది క్రితం మెషీన్ల కంపెనీవాళ్లు ఒక మెకానిక్‌ను పంపారు. నలభై దాటిన మనిషి, మాట్లాడేది స్పానిష్. మన భాషను ముక్కలు ముక్కలుగా కూడబలుక్కుంటాడు. ఎప్పుడూ చేతిలో నూనె డబ్బా. మెషీన్లు మా వైపు పాడైతే, ఆయన మాత్రం బాగుచేసేది ఇక్కడ, చూసేది కటింగ్ బల్ల వైపు. వదిన ఆయనకు టీ పోసిచ్చేది. ‘చల్లారిపోతుంది’ అనేది, అంతే. దాన్ని మా ఇంట్లో ప్రేమ అంటారని ఆయనకెలా తెలుస్తుంది పాపం!

కిందటి నెల ఆయన గడువు దగ్గరపడింది. మా యజమాని పెద్దమనసుతో, ఇక్కడే పర్మనెంటుగా ఉండిపొమ్మన్నాడు. మెకానిక్ నేరుగా కటింగ్ బల్ల దగ్గరికొచ్చి, ఉండమంటారా, వెళ్లమంటారా అని వదిననే అడిగాడు. నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ మహాతల్లి గుడ్డ మీంచి తలెత్తకుండా, ‘మీ ఇష్టం’ అంది. నాకు తల బాదుకోవాలనిపించింది. ఆయన మొహం మాడిపోయింది. మర్నాడే టికెట్ కొనుక్కున్నాడని తెలిసింది.

ఆ రోజు నుంచి వదిన అన్నం సరిగ్గా తినలేదు. ఒక సాయంత్రం వంటింట్లోకి వెళ్లేసరికి, ఫోను పప్పుల డబ్బాకు ఆనించి, బీన్స్ తరుగుతూ ఏదో గొణుగుతోంది. స్పానిష్ పాఠం! దొరికిపోయానన్నట్టు చూసి, ఇక దాచలేక చెప్పేసింది. ‘వెళ్లు’ అనే మాట వాళ్ల భాషలో పెద్ద మాయలాడి అట. ఆయన వెళ్తారు అన్నా, మీరు వెళ్తారు అన్నా ‘సే వా’ అట. కానీ ఆయన వెళ్లకూడదని మనం మనసులో కోరుకుంటే, ఆ ‘వా’ కాస్తా ‘వాయా’ అయిపోతుందట. జరిగేదానికి ఒక రూపం, కోరుకునేదానికి ఇంకో రూపం. మిగతా క్రియలు చాలావరకు ఒక దారిలో నడుస్తుంటే ఇది మాత్రం తన దారి తనదేనంటుందట.

“నో కియెరో కే సే వాయా,” అంది, బీన్స్ వంక చూస్తూ. అంటే, మీరు వెళ్లడం నాకు ఇష్టం లేదు అని.

ఈ మాత్రం మన భాషలో చెప్పి చావొచ్చుగా వదినా అన్నాను.

“మన భాషలో అయితే నాకు కూడా వినపడుతుంది కదే,” అంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ క్షణం నుంచి నాకూ అదే పని. అంట్లు తోముతూ వాయా, బట్టలు ఆరేస్తూ వాయా. మావారు మా ఇద్దరికీ మతిపోయిందనుకున్నారు.

నిన్న ఆయనకు ఆఖరి రోజు. భోజనాల బెల్లు కొట్టేలోగా ఉండేదీ లేనిదీ ఆఖరిసారి తేల్చి చెప్పమన్నాడు యజమాని. లేకపోతే సాయంత్రం బండికి వెళ్లిపోవడమే. వదిన ఉపాయం ఏమిటంటే, ఆయన సెలవు తీసుకోవడానికి వచ్చినప్పుడు మెషీన్ల రొద మాటున, ఆయనకు మాత్రమే వినపడేలా చెప్పెయ్యడం. పొద్దున్నుంచి మూడు చొక్కాలకు కాజాలు వంకర కుట్టాను.

ఆయన పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ కటింగ్ బల్ల దగ్గరికి వచ్చాడు. వదిన కత్తెర కింద పెట్టింది. ఊపిరి పీల్చుకుంది. నోరు తెరిచింది. దానితోపాటే, ఇన్నేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది, చెయ్యి పైకి లేచింది.

హాలంతా పెడళ్ల మీంచి కాళ్లు తీసేసింది.

ఆ నిశ్శబ్దంలో, రొదను దాటి వినపడాలని సిద్ధం చేసుకున్న గొంతుతో, “నో కియెరో కే సే వాయా!” అని మా వదిన గోడలు అదిరేలా అరిచింది. పక్క మెషీన్ అమ్మాయి ఏమందీ, ఏమందీ అని నన్ను గిల్లుతోంది. తెలిసీ నోరు మూసుకోవడం ఎంత నరకమో నాకే తెలుసు. వదిన చెయ్యి దించడం కూడా మరిచిపోయింది. మొహం కందగడ్డలా ఎర్రబడింది.

మెకానిక్ మన భాషలో, మాట మాటా వెతుక్కుంటూ అన్నాడు.

“ఆ రోజు మీ ఇష్టం అన్నారు. వద్దు అని అనుకున్నాను.”

“నాకు అడగడం రాదు,” అంది వదిన. ఈసారి మన భాషలోనే, అందరూ వింటుండగా. “ఉండండి.”

ఆయన సంచి తీసి కటింగ్ బల్ల మీద, కోయడానికి పరిచిన గుడ్డ మీదే పెట్టాడు. ఇంకొకరైతే వదిన నరికేసేదే. ఆయన నేరుగా యజమాని గదిలోకి నడిచాడు. గది అద్దంలోంచి యజమాని లేచి నిలబడటం, చెయ్యి కలపడం మేమంతా చూశాం. ఒక్కరూ మెషీన్ తొక్కలేదు. అదే సమయానికి బెల్లు కొట్టింది. నేను ఏడుస్తున్నానని అప్పుడే తెలిసింది.

ఆయన తిరిగొచ్చి వదిన ఎదురుగా నిలబడ్డాడు. వదిన నేర్చుకున్నది ఒక్క వాక్యమే, అదీ అయిపోయింది. తర్వాత ఏమనాలో పాపం ఆమెకేం తెలుసు! చేతులు చీరకు తుడుచుకుంది. ఆయన వంక చూసింది.

“భోజనం చేశారా?” అంది.

“లేదు,” అన్నాడు.

వదిన తన డబ్బా తెరిచి, మూతలో సగం అన్నం పెట్టి ఆయన ముందుకు జరిపింది.