నాయనమ్మ సద్దిలో తమ్ముడి గంజి

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాయనమ్మ మాటకు ఎదురు లేదు. మాది దుమ్ముగూడెం అవతల, అడవి అంచున ఉన్న పల్లె. నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి పది నెలలు. పళ్లు సరిగా రాని పిల్లాడికి ముద్ద పెడితే గొంతుకు అడ్డం పడుతుందని నాయనమ్మ పట్టు. అందుకే వాడికి అమ్మ పాలు కాక దక్కేది అన్నం వార్చిన గంజి ఒక్కటే. అంగన్‌వాడీ నుంచి వాడి పేరున వచ్చే తియ్యటి పిండిని ఉండలు కట్టి ఇంటిల్లిపాదికీ పంచేది. సిగ్గుపడుతూ చెబుతున్నాను, అందులో ఎక్కువ తిన్నది నేనే.

తమ్ముడు కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోయేవాడు. బరువు చాలడం లేదని ఇంటికొచ్చి చెప్పిన అంగన్‌వాడీ టీచర్‌ను నాయనమ్మ వాకిట్లోంచే తిట్టి పంపింది. అమ్మ నోరు విప్పబోతే, "నీకేం తెల్సు? నలుగురిని సాకిన చేతులివి" అంది. కన్నది ఐదుగురినని, ఒక బిడ్డ గొంతులో ముద్ద అడ్డం పడి చనిపోయిందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఆ వారమే మా మేనత్త సారపాక నుంచి వచ్చింది. నాయనమ్మ కూతురే, నోటి దురుసులో తల్లి కంటే తక్కువ కాదు. తమ్ముడి జబ్బను రెండు వేళ్లతో చుట్టి చూసింది. మర్నాడు మిర్చి తోటలో కలుపుకు వెళ్లే నాయనమ్మకు సద్ది తానే కట్టింది.

నాయనమ్మ వెంట నేనూ వెళ్లాను. మధ్యాహ్నం గిన్నె మూత తీస్తే లోపల తమ్ముడి గంజి. ఒక్క మెతుకు లేదు. కూలీలు నవ్వుతుంటే తాగింది. రెండు సాళ్లు దాటేసరికి గట్టు మీద కూలబడింది. ఇంటికొస్తూనే ఆ గిన్నెను మేనత్త కాళ్ల ముందు విసిరింది.

"కన్నతల్లి కడుపు గిట్ల మాడుస్తవా? గీ నీళ్లు తాగి కలుపెట్ల తియ్యాలె?"

"ఒక్క పూటకే కూలబడ్డవ్. నీ మనుమడు నాలుగు నెలల సంది గదే తాగుతుండు. వాడెట్ల కూసోవాలె?"

"గొంతుల పడితే నువ్వొస్తవా?"

"మెత్తగ పిసికి, కూసోబెట్టి పెడ్త. నువ్వు చూస్తనే ఉండు."

మేనత్త అన్నం, పప్పు మెత్తగా పిసికి, కాస్త నూనె కలిపింది. చెంచా వంచినా ముద్ద జారలేదు. తమ్ముడు మింగి, మళ్లీ నోరు తెరిచాడు. పొలమారితే తట్టడానికి నాయనమ్మ చేతిని వాడి వీపు దగ్గరే ఉంచి నిలబడింది.

మేనత్త వెళ్లేటప్పుడు నాయనమ్మ సాగనంపడానికి రాలేదు. కానీ మర్నాటి నుంచి తానే పిసికింది. తమ్ముడి పిండి డబ్బా మీద చెయ్యి వేసినందుకు నన్ను గరిటెతో కొట్టింది. ఉగాదికి తమ్ముడు గోడ పట్టుకుని నిలబడ్డాడు.

ఇప్పుడు నా కూతురికి పది నెలలు. నేను డిగ్రీ చదివాను. అయినా ఎక్కడ పొలమారుతుందోనని రాగిజావలో నీళ్లు పోస్తూ, వడకడుతూ వచ్చాను. రెండు నెలలుగా పాప బరువు పెరగలేదు. మొన్న మధ్యాహ్నం నా అన్నం పక్కన పెట్టి పాప జావే తాగాను. మూడింటికల్లా ఆకలికి ఆగలేక పాప మీదే అరిచాను.

జావ వడకట్టే జల్లెడను వంటింటి అటక మీదికి విసిరేశాను. నాయనమ్మ మీద నాకు ఇంకా కోపమే. కానీ ముద్ద పెడుతున్నంతసేపూ నా ఎడమ చెయ్యి పాప వీపు దగ్గరే ఉంటోంది, అచ్చం ఆమె చెయ్యిలాగే.